సగం దగ్గర ఆగిన ముల్లు

చర్ల
11 మార్చి 2024

ఇమాంబీ ఆపాకు,

సలాం. తిట్టకుండా చివరిదాకా చదువు.

బండి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. డీజిల్ అయిపోయింది. మీటరులో ముల్లు మాత్రం సగం ట్యాంకు ఉందంటోంది. ఇది రాస్తున్నప్పుడు కూడా సగమే అంటోంది. పదిహేను రోజులుగా అది అక్కడే ఉందని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడేమో బండి ఈమధ్య తక్కువ తాగుతోందని సంబరపడ్డాను.

జనవరిలో ఇంటికి వచ్చినప్పుడు నువ్వు చూసిన పాత స్కూలు మినీ బస్సే ఇది. సీట్లు పీకించి మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కళ్లద్దాల పెట్టెలు అమర్చుకున్నాను కదా. నాకు ఇల్లూ దుకాణమూ అదే. అది కదలకపోతే ములకలపల్లి సంత లేదు, పెనుబల్లి సంత లేదు, నా బతుకు లేదు.

ఇక్కడి మెకానిక్ ట్యాంకు మొత్తం కిందికి దించాలంటున్నాడు. ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేనన్నాడు. ముప్పై ఏళ్లుగా ఖమ్మంలో బండ్ల మీటర్లు బాగు చేస్తున్న ఆపా ఉండగా ఇతని చేతిలో ఎందుకు పెట్టాలి? ఏం చేయాలో నువ్వే చెప్పు. నా ఫోనుకు ఇక్కడ సిగ్నలు అందదు, తెలుసుగా. అందుకే ఈ ఉత్తరం బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను.

ఆరోజు బండిలో ఇంకో మనిషి కూడా ఉంది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

రేపటి నుంచి రోజాలు. ఒంట్లో బాగుండకపోతే ఉపవాసం మొండిగా ఉండకు.

నీ తమ్ముడు
మొహసిన్

*

ఖమ్మం
15 మార్చి 2024

మొహసిన్‌కు,

వాలేకుం సలాం. తిట్టొద్దంటే ఎట్లా? జనవరిలో బండి నా ఇంటి ముందు మూడు రోజులు నిలబడి ఉంది. ఒక్కసారి మీటరు చూడనియ్యి అని అడిగాను. "అంతా మంచిగనే ఉంది ఆపా" అన్నావు. నీకు నలభై ఏడేళ్లు. కంటి అద్దాల నంబర్లు తప్ప ఇంకే నంబరూ నీ తలకెక్కదు.

ఎవరి చేతా ట్యాంకు దించనియ్యకు. ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. ముల్లుది ఒకటే పని, వచ్చిన సంగతి చూపించడం. సంగతి పంపేది ట్యాంకులో ఉండే ఫ్లోటు. డీజిల్ మీద తేలే చిన్న డొల్ల, దానికి ఒక సన్నటి ఇనుప చేయి. డీజిల్ ఎంత ఉంటే ఆ చేయి అంత లేస్తుంది. రెండింటిలో ఏది చెడిందో తెలియకుండా ఏదీ కొనకు.

బండి కిందికి దూరు. ట్యాంకు నుంచి వచ్చే రెండు వైర్ల జాయింటు కనిపిస్తుంది. దాన్ని విప్పి, కీ తిప్పి, ముల్లుకు పోయే వైరు కొసను బండి ఇనుముకు ఒక్క క్షణం తాకించు. ముల్లు లేచి ఫుల్ దగ్గరికి పోతే మీటరు మంచిదే, ఫ్లోటు పోయినట్టు. కదలకపోతే మీటరో వైరో పోయినట్టు. ఇంతే.

నా ఇంటాయన పోయాక ఇదే పని మీద ఆ దుకాణం నిలబెట్టాను. నీకు ఫోనులో చెబితే అవ్ అవ్ అంటావు, పెట్టేశాక ఏం చెప్పానని అడుగుతావు. కాగితం దగ్గర పెట్టుకుని చెయ్యి.

బండిలో ఉన్న ఆ మనిషెవరు? సగం చెప్పి సగం దాచే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నీ ఆపా
ఇమాంబీ

*

చర్ల
20 మార్చి 2024

ఆపాకు,

సలాం. నువ్వు చెప్పినట్టే చేశాను. మొదట తప్పు వైరు తాకిస్తే హారన్ మోగింది. అదెట్లా మోగిందో నన్నడగకు. తర్వాత సరైన వైరు దొరికింది. ముల్లు టక్కున లేచి ఫుల్ మీద కూర్చుంది. కాబట్టి ఫ్లోటే పోయింది.

ఆ మనిషి పేరు ముత్తక్క. అడవిలోపలి ఊరు. సంతకు వచ్చినప్పుడల్లా నా దగ్గర కూర్చుని, నేను జనానికి అద్దాలు పెట్టి చూపించడం చూస్తూ నవ్వేది. ఇప్పపూల గంపతో వాగు ఒడ్డున జారిపడి తొడ ఎముక విరిగింది. ఆరోజు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. అంబులెన్సుకు చెప్పాలంటే ఫోను అందే గుట్ట దాకా పోవాలి. ఆమె భర్త బొజ్జయ్య పరుగెత్తుకొచ్చి, "నీ బండి ఉంది గద సారూ, తొందరగ పోదాం" అన్నాడు. నేను ముల్లు చూశాను. సగం ఉంది. "పోదాం పండి" అన్నాను.

సగం దారిలో ఆగింది. అక్కడి నుంచి నా మంచం మీదే ఆమెను పడుకోబెట్టి, వెంట వచ్చిన నలుగురు బస్సు రోడ్డు దాకా ఐదు కిలోమీటర్లు మోసుకుంటూ నడిచారు. ఎండ. ఆమె అరుపు ఆగిపోయేసరికి నేను భయపడ్డాను, స్పృహ తప్పిందట. భద్రాచలంలో ఆపరేషన్ అయింది, కాల్లో రాడ్డు వేశారు. ప్రాణానికి ఫర్వాలేదు. బొజ్జయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ ఆ ఊరివాళ్లు ఇప్పుడు చర్లకు వచ్చినా నా బండిని చూసి పక్కకు జరిగి నడుస్తున్నారు.

అందుకని దీన్ని మెకానిక్‌కు ఇవ్వను. నా చేత్తోనే మారుస్తాను. ఫ్లోటు పంపించు. 2009 మోడల్, నీకు తెలిసిందే.

ఇంకో మాట. నీ ఉత్తరం ఎవరు రాశారు? ఆ గుండ్రటి అక్షరాలు నీవి కావు.

మొహసిన్

*

ఖమ్మం
24 మార్చి 2024

మొహసిన్‌కు,

దువా. ముత్తక్క సంగతి విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. ఈ మాట మొదటి ఉత్తరంలోనే రాస్తే నేను నీ నంబర్ల గురించి, అలవాట్ల గురించి మాట్లాడి ఉండేదాన్ని కాదు.

అక్షరాలు షీరీన్‌వి. వెనక సందులో బట్టలు కుడుతుంది, సాయంత్రం ఇక్కడికి వస్తుంది. నా చేతికి పనుంది, ఆమె రాస్తోంది. ఇందులో అడిగేందుకేముంది?

ఫ్లోటు ఈ పార్సిల్‌లోనే ఉంది. దుకాణం అలమారాలో నీ మోడల్‌ది ఒకటే మిగిలింది, నేనే స్వయంగా తీశాను. నంబరు చివర 8 ఉంటుంది. రబ్బరు వాషర్ కూడా కొత్తది పెట్టాను. పాతది మళ్లీ వాడితే డీజిల్ వాసనతో చస్తావు.

ట్యాంకులో డీజిల్ ఎంత తక్కువుంటే అంత మంచిది. ముందు బ్యాటరీ మైనస్ వైరు తియ్యి. బస్సు నేలలో, ట్యాంకుకు సరిగ్గా పైన ఒక మూత ఉంటుంది. అది తీస్తే ఫ్లోటు తల కనిపిస్తుంది. స్క్రూలు విప్పకముందే చుట్టూ ఉన్న మట్టంతా బట్టతో తుడువు, లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. పాతది ఏ వైపు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకో. నిలువుగా లాగకు, చేయి వంగిపోతుంది. పక్కకు వంచి, తిప్పుతూ, చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తు. కొత్తదాన్ని అదే దారిలో దించు. స్క్రూలు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించు. దగ్గర ఎవరినీ బీడీ ముట్టించనియ్యకు.

బండి బాగైతే పండక్కి రా. సేమియా చేస్తాను.

ఆపా

*

చర్ల
6 ఏప్రిల్ 2024

ఆపాకు,

సలాం. ఈ ఉత్తరానికి డీజిల్ వాసన వస్తే ఏమీ అనుకోకు. నాకూ వస్తోంది, మూడు రోజులుగా.

నువ్వు చెప్పిన మూత ఎక్కడుందో తెలుసా? నా మంచం కింద. మంచం కింద అంటే, నేను మేకులు కొట్టి, గమ్ము పోసి, పైన చాప అంటించిన ప్లైవుడ్ కింద. నా ఇంటిని నేనే రంపంతో కోసుకున్నాను. మూత తుప్పుతో బిగుసుకుపోయింది. రోజాతో ఉన్నాను, గొంతు ఎండిపోయింది, తలుపులన్నీ తీసినా లోపల కొలిమిలా ఉంది. ఒక స్క్రూ తల అరిగిపోయి, దాన్ని తియ్యడానికే మధ్యాహ్నం దాటింది. మట్టి తుడిచాను. సుద్ద గీత గీశాను. చంటిబిడ్డను ఎత్తినట్టే ఎత్తాను. పాతదాని చేయి మధ్యలో తుప్పుపట్టి కదలడం మానేసింది. అందుకే అన్ని రోజులూ సగం.

కొత్తది దించి, బిగించి, కీ తిప్పాను. ట్యాంకు అడుగున ఏమీ లేదు. ముల్లు ఫుల్ చూపించింది! సరే, కుదురుకుంటుంది అనుకుని ఒక డబ్బా డీజిల్ పోశాను. ముల్లు కిందికి వచ్చింది. ఇంకో డబ్బా పోశాను. ఇంకా కిందికి. ట్యాంకు నిండా పోసేసరికి ఎర్ర లైటు వెలిగి, డీజిల్ లేదంది.

ముత్తక్క మందుల కోసం చర్లకు వచ్చిన బొజ్జయ్య అంతా చూసి, "ఏంది సారూ, గీ బండి కడుపు నిండితే ఆకలైతున్నదంటదా?" అన్నాడు. పక్కనున్న వాళ్లందరూ నవ్వారు. ఆ కాలు విరిగినావిడ భర్త ముందు, ఆపా! దీన్ని బాగు చేసి మీ ఊరు వస్తానని అంతకు గంట ముందే అతనికి చెప్పాను.

నువ్వు పంపించింది ఏంది? పండక్కి రాలేను. ఈ ముల్లును నమ్మి అంత దూరం రాను. నా ఉత్తరాలకు జవాబు నీ చేత్తో రాయడానికి కూడా నీకు తీరిక లేదు కదా, నేను రాకపోతే ఏమైంది.

మొహసిన్

*

ఖమ్మం
13 ఏప్రిల్ 2024

మొహసిన్‌కు,

పండుగ అయిపోయింది. సేమియా పక్కింటివాళ్లకు పంచాను. మధ్యాహ్నం దాకా ప్రతి హారన్‌కూ వాకిట్లోకి వచ్చాను, ఆ మాట కూడా తెలుసుకో.

ఈ దుకాణం నుంచి తప్పు సామాను ఇప్పటిదాకా ఎవరికీ పోలేదు. లారీల వాళ్లు కొత్తగూడెం నుంచి వచ్చేవాళ్లు నా చేతి పని కోసం. నువ్వు ఫ్లోటును వెనక్కి తిప్పి పెట్టి ఉంటావు. లేదంటే చేయి వంచేసి ఉంటావు. చేయి ట్యాంకు లోపలి గోడకు తగులుతూ ఉండొచ్చు. మళ్లీ విప్పు. సుద్ద గీత చూసుకో. ఇన్నేళ్లలో ఒక్క స్క్రూ విప్పని మనిషి, ఒక్కసారికే అంతా సరిగ్గా చేశాడట, ముప్పై ఏళ్లు చేసిన నేను తప్పట!

నేను పంపింది చివర 8 ఉన్నదే. మీద రాసి ఉంటుంది. నీకు కళ్లున్నాయి కదా, చూడు.

ఇమాంబీ

*

చర్ల
22 ఏప్రిల్ 2024

ఆపా,

మళ్లీ విప్పాను. మళ్లీ మంచం పక్కన పెట్టి, మళ్లీ మైనస్ వైరు తీసి, మళ్లీ ఒళ్లంతా డీజిల్ పూసుకుని చూశాను. సుద్ద గీత సరిగ్గానే ఉంది. చేయి వంగలేదు. గోడకు తగలడం లేదు.

నంబరు కూడా చూశాను. చివర 8 కాదు, 3. పెద్దగా చెక్కి ఉంది. నాకు కళ్లున్నాయి. ఇక్కడి మెకానిక్‌కు చూపిస్తే, "ఇది వేరే బండిది, దీని లెక్క ఉల్టా ఉంటది" అన్నాడు.

ఇంతకాలం మనసులో ఉన్నది రాసేస్తున్నాను. కళ్లద్దాల షాపులో నౌకరీ వదిలి ఈ బండి కొన్నప్పుడు నువ్వు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఈ అడవి ఊళ్లలో ఏముందని అడిగావు. బండి పనికిరాకుండా పోతే ఇంటికి వస్తానని అనుకున్నావా? కావాలని తప్పుది పంపించావని అనను. కానీ సరైనదా కాదా అని ఒక్కసారి చూడను కూడా లేదు నువ్వు. పరాయి చేత్తో నాలుగు తిట్లు రాయించి పంపడానికి మాత్రం తీరిక దొరికింది.

ఇక రాయొద్దు. వేరేచోట తెప్పించుకుంటాను.

మొహసిన్

*

ఖమ్మం
28 ఏప్రిల్ 2024

మొహసిన్‌కు,

రాయొద్దన్నావు. ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. డబ్బా మీద 8 అనే ఉంది. నేను అంతే చూశాను. నీ ఇష్టం వచ్చినచోట తెప్పించుకో. ఆరోగ్యం చూసుకో.

ఇమాంబీ

మొహసిన్ భాయ్, ఇంతవరకూ ఆపా చెప్పింది రాశాను. ఇక కింద రాసేది నా మాట. ఆపాకు తెలియదు. నీ పోయిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. ఆపా లేచి లోపలికి పోయింది, పోతూ గడపకు కాలు తట్టుకుంది.

ఆపాకు కనపడడం లేదు. దసరా నుంచే మసక. సంక్రాంతి తర్వాత పేపరు చదవడం ఆగింది. ఫిబ్రవరిలో దుకాణం షట్టరు దించింది, మోకాళ్ల నొప్పి అని అందరికీ చెప్పింది. నీకు ఫ్లోటు తీసింది చేతితో తడిమి. నేను చూస్తానంటే, "ముప్పై ఏండ్ల సంది ఆ అలమార నా చెయ్యికి తెలుసు, నువ్వు జరుగు" అన్నది. డబ్బాలు ఎప్పుడు అటూ ఇటూ అయ్యాయో ఆమెకు తెలియలేదు. నీకు చెప్పనని నాతో ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు తప్పాను, అల్లా మాఫ్ చేయాలి. అన్నం ఒలుకుతోంది భాయ్. స్టవ్ దగ్గర కొంగు అంటుకోబోయింది.

షీరీన్

*

చర్ల
2 మే 2024

ఆపాకు,

సలాం. షీరీన్, ఇది గట్టిగా చదువమ్మా, మధ్యలో ఆపకు.

ఆపా, ఈ ఊళ్లన్నింట్లో ముసలివాళ్లను కూర్చోబెట్టి కంట్లోకి టార్చి వేసి చూసేవాణ్ని నేను. ఎవరికి పొర వచ్చిందో చూసి ఆసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చేవాణ్ని. జనవరిలో మూడు రోజులు నీ ఇంట్లో తిన్నాను. నువ్వు చాయ్ కప్పు పక్కన పోస్తే నవ్వాను. నా ముఖం వైపు కాకుండా నా చెవి వైపు చూసి మాట్లాడితే, ఏదో ఆలోచనలో ఉందనుకున్నాను. నీకు టార్చి వేసి చూడాలని నాకు తోచలేదు. పోయిన ఉత్తరంలో రాసినవన్నీ నాకే తగలాలి.

కోపం కూడా వస్తోంది. తప్పు ఫ్లోటు వల్ల నేను రోడ్డు మీద ఆగుతానేమో, అంతే. నువ్వు స్టవ్ ముందు నిలబడ్డావు! ఎందుకు దాచావు?

ఆదివారం వస్తున్నాను. ముల్లు తల్లకిందులైనా సరే, వెదురు కర్ర ట్యాంకులో ముంచి కొలుచుకుంటూ వస్తాను. కర్ర బొజ్జయ్య చెక్కిచ్చాడు. విషయం విని, "మీ అక్కను ముందుగాల చూసుకో సారూ, మా ఊరు యాడికి పోదు" అన్నాడు.

అలమార ముట్టుకోకు. స్టవ్ ముట్టుకోకు.

మొహసిన్

*

ఖమ్మం
4 మే 2024

మొహసిన్‌కు,

రావొద్దు. షీరీన్ నోరు ఆగలేదని తెలిసింది, ఆమె నా ఎదురుగానే తల దించుకుని ఇది రాస్తోంది.

ఎందుకు దాచావని అడిగావు. మన అమ్మీని కళ్ల ఆపరేషన్ల క్యాంపుకు తీసుకుపోయింది నేనే. నువ్వప్పుడు చిన్నవాడివి. ఆపరేషన్ అయితే బాగుంటదని నేనే నచ్చజెప్పి కూర్చోబెట్టాను. కట్టు విప్పాక ఏమీ కనపడలేదు. తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నన్ను తప్పు పట్టలేదు, అన్నం పెడితే నా చేయి తడిమి "ఇమాంబీయేనా?" అనేది. ఇప్పుడు మసకగానైనా కిటికీ ఎక్కడుందో తెలుస్తోంది. అది కూడా పోతే? ఈ మసకే నాకు చాలు అనుకున్నాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ, నీకు అనుమానం రాకూడదనే.

ముల్లు ఎక్కడుందో చూడలేనిదాన్ని మీటర్ల ఇమాంబీ అని ఎవరంటారు?

రావొద్దంటే రావొద్దు. సంతలు పాడుచేసుకోకు.

ఆపా

*

ఖమ్మం
9 జులై 2024

తమ్ముడు మొహసిన్‌కు,

దువా. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమీ అనుకోకు. రాసి చాలా రోజులైంది.

రావొద్దన్న ఉత్తరం నీకు అందకముందే నువ్వు వాకిట్లో దిగావు. ఆ నెల రోజులు ఎట్లా గడిచాయో ఇద్దరికీ తెలుసు, మళ్లీ రాయను. ఆసుపత్రి గుమ్మంలో నేను వెనక్కి తిరిగినప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని లాగలేదు, నా పక్కనే మెట్ల మీద కూర్చున్నావు. గంట సేపు కూర్చున్నావు. అది మాత్రం రాయాలనిపించింది.

నిన్న డాక్టరు మళ్లీ చూశాడు. ఆపరేషన్ చేసిన ఎడమ కన్ను బాగుంది. కుడి కన్ను సంగతి అతను మొదట చెప్పిందే నిజం. నరం ఎండిపోయింది, తిరిగి రాదట. ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే దక్కేదట. ఆ మాట విని బస్సులో ఏడ్చాను. ఇంటికి వచ్చి దుకాణం తెరిచాను.

అలమార చూసి సిగ్గేసింది. లారీలవి జీపుల్లో, జీపులవి బస్సుల్లో ఉన్నాయి. షట్టరు దించకముందు ఎవరికి ఏం ఇచ్చానో గుర్తు చేసుకుని ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఇద్దరికి తప్పువి ఇచ్చాను. వాళ్లకు మంచివి పంపించాను. ఒకతను, "పోనీ అమ్మా, నేను కర్ర పెట్టి కొలుచుకుంటున్న" అన్నాడు. నీలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

నీది ఈ పార్సిల్‌లో ఉంది. చివర 8. వెలుతురులో పెట్టి నేను చదివాను, షీరీన్‌తో కూడా చదివించాను. మెకానిక్‌ల దగ్గరికి పోకు. ఇప్పటికి రెండుసార్లు విప్పావు, మూడోసారి నీ చేయే చెబుతుంది. వాషర్ మరిచిపోకు.

నీ ఆపా
ఇమాంబీ

*

చర్ల
27 జులై 2024

ఆపాకు,

సలాం. ఇక్కడ గోదావరి నిండుగా ఉంది, వానలు ఆగడం లేదు. బండి రేకు మీద చప్పుడు, కింద ఫ్లోటు విప్పుకుంటూ నేను. ఈసారి గంట కూడా పట్టలేదు. మంచం కింది ప్లైవుడ్‌కు తలుపుకు వేసినట్టు బందులు వేశాను, ఎత్తితే మూత కనిపిస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు కిందనే ఉంది. డబ్బా పోశాను, లేచింది. ఇంకో డబ్బా పోశాను, ఇంకా లేచింది. ఎవరూ లేరు కాబట్టి నేను ఒక్కణ్నే గట్టిగా అరిచాను.

వాన తెరిపిచ్చిన రోజు ముత్తక్క ఊరికి పోయాను. ఆమె కాలు ఈ వారం భద్రాచలంలో చూపించాలని బొజ్జయ్య ముందే చెప్పాడు. బస్సు దొరికే రోడ్డు దాకా ఆమె నడవలేదు. నేను బండి ఇంటి ముందు ఆపాను. పిలవలేదు. ఏ ముఖంతో పిలవను? దిగి చెట్టు కింద నిలబడ్డాను. ఇళ్లలోంచి జనం చూస్తున్నారు.

ఆమె చేతికర్ర పట్టుకుని వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు సీటు దగ్గర ఆగి, "ఇక్కడ కూసుంటా, ఎనకల పండుకోను" అన్నది. బొజ్జయ్య ఎక్కించాడు. కీ తిప్పగానే ముల్లు లేచింది. ఆమె దాన్ని చూసి, "గిది గిప్పుడు నిజం చెప్తాందా?" అని అడిగింది.

"చెప్తాంది. మా అక్క పంపింది" అన్నాను.

"మీ అక్కకు కండ్లు పోయినయంటిరి గద?"

"ఒకటి వచ్చింది."

ఆమె చేతికర్రను కాళ్ల మధ్య పెట్టుకుని, "పోనియ్యి" అన్నది.

ఆరోజు బండి ఆగిన చోట మెల్లగా పోనిచ్చాను. చర్ల దాటాం. దుమ్ముగూడెం దాటాం. ముత్తక్క కళ్లు రోడ్డు మీద లేవు, మొత్తం దారంతా ముల్లు మీదే పెట్టి కూర్చుంది. అది కొంచెం దిగినప్పుడల్లా నా వైపు చూసేది, నేను "గట్లనే దిగాలె ముత్తక్కా" అనేవాణ్ని.

మధ్యాహ్నానికి ఆసుపత్రి గేటు ముందు ఆపాను. బొజ్జయ్య చెయ్యి ఇచ్చాడు, ఆమె వద్దంది. కర్ర ముందు దించి, మంచి కాలు దించి, తర్వాత ఆ కాలు దించింది. నిలబడి చీర సర్దుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "సారూ, మీ అక్కకు రాయి" అన్నది.

"ఏమని రాయమంటావు?"

"దవాఖాన కాడ దిగిన అని రాయి."

అందుకే రాస్తున్నాను, ఆపా. దిగింది.

నీ తమ్ముడు
మొహసిన్